కప్పుదాకా లేని గోడ

పోయిన వారం నిజామాబాద్ కంఠేశ్వర్‌లో గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పిల్లవాడే గాని హస్తవాసి మంచిదని పేరు. కాగితం మీది గీతలన్నీ చూసి, మాత్రలు రాసి, కలం మూయబోతూ ఆగి, "ఇంట్ల ఎవరెవరుంటరు పెద్దయ్యా?" అని అడిగాడు. ఒక్కణ్ణే అన్నాను. నా భార్య పోయి రెండేళ్ళయింది, కూతురు కరీంనగర్‌లో ఉద్యోగం చేసుకుంటూ పొద్దునా సాయంత్రం ఫోను చేస్తుంది. "ఫోన్ గాదు, పిలిస్తే పలికెటోళ్ళు ఉన్నరా? గుండెకు మందులెంతో పక్కన మనిషి గూడ అంతే," అన్నాడతను. ఇంత చదువు చదివి చివరికి ఒకప్పటి మా పక్కింటి పిన్ని ఎరిగినదే చెప్పాడు గదా అని నవ్వొచ్చింది. ఆటో ఎక్కాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు.

బోధన్ వైపు చక్కెర మిల్లు క్వార్టర్లలో పెరిగిన నా ఈడు వాళ్ళకు ఆ ఇళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. ఒకే పెంకుల కప్పు కింద వరసగా ఎనిమిది ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ నడుమ ఒక్కటే గోడ, ఆ గోడ కూడా కప్పుదాకా పోకుండా మనిషెత్తు దాటి మూరెడు పోయి ఆగిపోయేది. పైనంతా ఖాళీ. ఆ ఖాళీలోంచి పోపు వాసన వచ్చేది, పిల్లల ఎక్కాలు వచ్చేవి, మొగుడూ పెళ్ళాల పోట్లాటలు వచ్చేవి, ఒక్కోసారి పిల్లి కూడా వచ్చేది. చెరుకు ఆడే కాలంలో పాకం వాసన ఊరంతటికీ ఉమ్మడి అయినట్టే మా వరసలో చప్పుళ్ళు కూడా ఉమ్మడిగానే ఉండేవి.

మా బాపు మిల్లులో చెరుకు రసం మరగబెట్టే చోట పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిని, చిటికెడు నస్యం పీల్చి వరసగా తుమ్మేవాడు, ఐదు, ఆరు, ఒక్కోనాడు ఏడు. గోడకు అవతల, వరసలో చివరి ఇంట్లో ఉండే పిన్ని అవి లెక్కపెట్టి, "బావగారికి ఇవాళ ఆరే," అని మా అవ్వతో, అంటే మా అమ్మతో, వేళాకోళమాడేది. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఎడపల్లిలో కాలువ కింద భూమి కొనుక్కున్నవాళ్ళు. సేద్యం పిన్ని మరిది చూసుకుంటుంటే, వాళ్ళాయన బాబాయి మిల్లులో ఫిట్టరుగా చేరాడు. మాకూ వాళ్ళకూ గోడ తప్ప వేరే చుట్టరికం లేదు. అయినా అవ్వకు జ్వరమొస్తే మా పొయ్యి పిన్నే వెలిగించేది. అప్పుడే మిల్లు ఆఫీసులో గుమస్తాగా చేరిన నాకు మాత్రం, మనింటి తుమ్ములు కూడా పక్కింటివాళ్ళ లెక్కలో ఉండటం నామోషీగా ఉండేది.

ఒకనాడు అవ్వ అంగడికి పోయింది, నేను ఆఫీసులో ఉన్నాను. బాపు తిన్న కంచం చప్పుడు పిన్నికి వినిపించింది గాని తుమ్ములు వినిపించలేదట. కాసేపు ఆగి పిలిచిందట, పలుకు లేదట. పిండి చేతులతోనే పరుగెత్తి వచ్చి చూస్తే, బాపు గోడకు జారగిలబడి, చెమటతో తడిసి ముద్దయి, గ్యాసు పట్టేసిందని గొణుగుతున్నాడట. ఆవిడ ఆ మాట నమ్మలేదు. బాబాయి మిల్లు జీపు అడిగి తెచ్చాడు, ఇద్దరూ కలిసి నిజామాబాద్ దవాఖానలో చేర్చారు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. ఆ తర్వాత బాపు పదిహేనేళ్ళు బతికాడు. నస్యం మానమన్నారు గాని మానలేదు, మానితే పక్కింటివాళ్ళు బెంగపడతారనేవాడు.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. నాలుగేళ్ళకు పెళ్ళి కుదరగానే, కొత్త పెళ్ళాంతో నేను మాట్లాడే మాటలు వరసంతా వినాలా అని, సుతారిని పిలిపించి గోడను పెంకులదాకా లేపించాను. బాపు మంచం మీద కూర్చుని చూస్తూ, "కట్టుకో బిడ్డా, గని రేపు ఎవరన్న పిలుస్తే ఎట్ల ఇనవడ్తది?" అన్నాడు. పిన్ని తప్పుపట్టలేదు సరిగదా, కొత్త కోడలికి ఆ మాత్రం చాటు ఉండాలిగా అని ఇటుకలు తడపడానికి నీళ్ళు కూడా తోడి ఇచ్చింది.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం పిన్ని చెరుకు చూడటానికి ఎడపల్లి పోయింది. మా వాళ్ళంతా పెళ్ళికి పోయారు. నేను ఒక్కణ్ణే ఆ గోడ పక్కన మంచం వేసుకుని రేడియో వింటున్నాను. సాయంత్రం పిన్ని వచ్చి తలుపు తీసేసరికి బాబాయి అదే గోడకు అవతలి పక్కన నేల మీద ఉన్నాడు, దగ్గర్లో ఇత్తడి చెంబు దొర్లి ఉంది. గుండె అన్నారు. వెంటనే పోయి ఉండడని, చాలాసేపు కొట్టుమిట్టాడి ఉంటాడని వచ్చిన డాక్టరు అన్నాడు. పాత గోడ అయితే చెంబు పడ్డ చప్పుడుకు నేను ఉలిక్కిపడి లేచేవాణ్ణి. నాకేమీ వినిపించలేదు.

కర్మలయ్యాక పిన్ని నన్ను ఒక్కటే అడిగింది, "ఆ పూట నువ్వు ఇంట్లోనే ఉన్నావా నాయనా?" అని. ఆ గొంతులో కోపం లేదు. బజారుకు పోయాను పిన్నీ అన్నాను. ఆవిడ తలూపి, "అదేలే, నువ్వుంటే పోనిచ్చేవాడివా," అంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు పుట్టింటివైపు వెళ్ళిపోయింది.

మిల్లు మూతపడింది, క్వార్టర్లలో తుమ్మచెట్లు మొలిచాయి. నేను కంఠేశ్వర్‌లో ఇల్లు కట్టుకున్నాను, వీధిలో ఆటోల మోత లోపలికి రాదని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పై పోర్షన్లో అద్దెకున్నవాళ్ళు మర్యాదస్తులు, మెట్ల మీద ఎదురైతే నమస్తే పెడతారు. నేను ఎప్పుడు తింటానో, ఎప్పుడు దగ్గుతానో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఒకప్పుడు నేను కోరుకున్న చాటు ఇదే. ఇప్పుడు పగలంతా ఆ వరస మీద బెంగగా ఉంటుంది, పరాయివాళ్ళ ఎక్కాలు, పరాయివాళ్ళ పోపు వాసన, నా మీద లేనిపోని పెత్తనం చేసే ఆ గొంతులు కావాలనిపిస్తుంది. పిన్ని పోయిందని ఆ మధ్య ఎడపల్లి మనిషొకరు చెప్పారు. ఆవిడకు చెప్పాల్సిన జవాబు చెప్పకుండానే ఇన్నేళ్ళు గడిపాను. ఉన్నాను పిన్నీ. ఆ పూట ఇంట్లోనే, గోడకు ఇవతలే ఉన్నాను.