తప్పు జవాబుకు దక్కిన పిలుపు

నా చిన్నప్పుడు, పిల్లలందరికీ వేసవి సెలవులు మొదలైన వారంలోనే మా అమ్మకు శిక్షణ మొదలైంది. అమ్మ నానక్‌రామ్‌గూడలోని ప్రభుత్వ బడిలో టీచరు. లెక్కలు కొత్త పద్ధతిలో చెప్పడం నేర్పేందుకు ప్రభుత్వం చుట్టుపక్కల ఉపాధ్యాయులను రాయదుర్గం దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు పిలిపించింది. ఇంట్లో నన్ను చూసుకునేవారు లేక అమ్మ వెంట తీసుకెళ్లింది. సెలవుల్లోనైనా అమ్మ నాకు దక్కుతుందనుకున్న నేను, మొహం ముడుచుకుని చివరి బెంచీలో కూర్చున్నాను.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఒకరు పాఠం చెబితే మిగిలిన టీచర్లంతా పిల్లలై కూర్చోవాలి. తమ తరగతుల్లో పిల్లలు నిజంగా చేసే తప్పులే చేయాలి. ఆ రోజు అమ్మ వంతు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగింది. "మూడో వంతు!" అని వెనక నుంచి అరిచాను. అమ్మ నా వైపు చూడనైనా లేదు. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక బట్టతల సారు ముందు బెంచీలోంచి లేచి, "నాలుగే పెద్దది టీచర్! గది కూడ తెల్వదా మీకు?" అన్నాడు. హాలంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆయన పక్కన వంగి, "నాలుగే పెద్దదని ఎందుకనిపించింది బిడ్డా?" అని అడిగింది.

బిడ్డా! ఆ పిలుపు నాది. ఇంట్లో నేను లెక్క తప్పితే "గింత చిన్నది రాదా నీకు?" అని విసుక్కునే మనిషి, ఒక ముసలాయనకు కాగితం ముక్కలిచ్చి, ఓపికగా మడతలు పెట్టిస్తోంది. ఒళ్లు మండిపోయింది. సరైన జవాబుకు అక్కడ విలువ లేదని నాకు అర్థమైంది. అమ్మ తరువాతి ప్రశ్న వేయగానే, ఐదో వంతు కన్నా ఆరో వంతే పెద్దదని గట్టిగా చెప్పాను.

అమ్మ తిరిగి చూసింది. "ఎందుకట్ల అనిపించింది?" అంది. నోరు తెరవబోతే ఏడుపొచ్చింది.

"దీనికి తెలుసు మేడం, కావాలనే తప్పు చెప్పింది," అంది అమ్మ, శిక్షణ ఇస్తున్న మేడంతో. ఆమె తేలిగ్గా తీసుకోలేదు. "తెలిసీ తప్పు చెప్పిందంటే, దానికీ ఏదో కారణం ఉంటుంది కదండీ. అడగండి."

అమ్మ నా బెంచీలోకొచ్చి కూర్చుంది. వెక్కుతూనే చెప్పాను: "ఇంట్ల నన్ను ఒక్కసారన్న గిట్ల అడిగినవా?" అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. చివరికి బట్టతల సారే, "మా టీచర్‌ని నువ్వే తీస్కపో తల్లీ. నేనైతే నాలుగే పెద్దదంట," అనడంతో అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ సాయంత్రం ఆటోలో, మా బడి మిస్సులకు ఈ శిక్షణ ఎందుకు లేదని అడిగాను. మాది ప్రైవేటు బడి. తప్పు చెబితే అక్కడ నిలబెట్టేవారు తప్ప కారణం అడిగేవారు కాదు. "గిది సర్కారు బడులోళ్లకే బిడ్డా. మీ మిస్సులను ఎవరు పిలుస్తరు?" అంది అమ్మ. కొత్త సాఫ్ట్‌వేర్ రాగానే ఉద్యోగులకు శిక్షణ ఇప్పించే కంపెనీల భవనాలు దారి పొడవునా వెలుగుతున్నాయి. వాటి పక్కనే చదువు చెప్పే మా మిస్సును మాత్రం ఎవరూ ఎక్కడికీ పంపలేదు.

కాలేజీ వాదోపవాదాల్లో ప్రత్యర్థి పొరబడినప్పుడు, ఖండించే ముందు, అలా ఎందుకనుకున్నారని అడగడం నాకు ఆ హాలులోనే అబ్బింది. అసూయ మాత్రం తగ్గలేదు. అమ్మ పాఠం విన్న పిల్లలెవరైనా ఎదురై "మీ అమ్మ మస్తు చెప్తది" అంటే ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. అయినా, ఉపాధ్యాయ శిక్షణ దండగ అని ఎవరైనా అంటే లేచి నిలబడేది నేనే. ఏటా మరిన్ని రోజులు ప్రభుత్వం మా అమ్మను పిలవాలనీ, ఈసారి మా మిస్సును కూడా ఆమె పక్కన కూర్చోబెట్టాలనీ వాదిస్తాను.