దవాఖానలో ఎదురుగోడ మీది పట్నం

అక్కను అత్తగారి ఊరు ములుగు నుంచి జీపులో వరంగల్ దవాఖానకు తెచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. కాన్పు కష్టమైంది. అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత అక్క ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవనూ లేదు. మట్టెవాడలోని మా ఇంటినుంచి అమ్మ రోజూ అన్నం తెచ్చేది, ముట్టని గిన్నె తిరిగి పట్టుకుపోయేది. పగలంతా నేను పక్కన కూర్చునేదాన్ని.

మంచానికి ఎదురుగోడ మీద పెద్ద రంగుల బొమ్మ ఒకటి ఉండేది. ఎవరు వేశారో, అక్కడ ఎవరు తగిలించారో తెలియదు. ఏదో పరాయి దేశపు పట్నం. నది ఒడ్డున వరసగా మిల్లులు, పొడుగాటి పొగగొట్టాలు, కిటికీల్లో దీపాలు, నీళ్ల మీద మసక వెలుగు, నడుమ చిన్న పడవ.

ఒక మధ్యాహ్నం ఊసుపోక బొమ్మకేసి చూస్తూ, "పొద్దుగూకుతాంది. మిల్లు విడిచిపెట్టిన్రు, అందరు ఇండ్లకు పోతాన్రు" అన్నాను.

"కాదు" అంది అక్క.

ఉలిక్కిపడ్డాను. అక్క గొంతు బొంగురుపోయి ఉంది.

"తెల్లారుతాంది. జర మంచిగ చూడు, పొగ ఇప్పుడిప్పుడే లేస్తాంది."

"మరి దీపాలెందుకున్నయే?"

"రాత్రంత నిద్రపట్టనోళ్లు ఉండరా?"

అంతలో అమ్మ వచ్చింది. మాట ఆగిపోతుందేమోనన్న భయంతో, "అమ్మా, నువ్వు చెప్పు. ఆ బొమ్మల పొద్దుగాలనా, మాపటికా?" అన్నాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ఏదైతేంది గని, గంత పొగల బట్టలెక్కడ ఆరేసుకుంటరో పాపం!"

అక్క పెదవులు కొంచెం నవ్వాయి. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, ఆ పడవల ఆడమనిషి ఒక్కతే కూసున్నది. ఎటు పోతాందో" అంది.

నాకక్కడ నల్లటి మరక తప్ప మనిషి కనబడలేదు. అమ్మకు కనబడిందో లేదో.

"ఎటు పోతది బిడ్డా? తల్లిగారింటికే. ఒడ్డుకు తల్లి నిలబడే ఉంటది" అంది.

అప్పుడు ఏడ్చింది అక్క. అమ్మ మంచం మీదికెక్కి ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. నేను వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి అమ్మ పెరుగన్నం ముద్దలు చేసి పెడుతోంది, అక్క కళ్లు మూసుకుని తింటోంది.

కొన్నాళ్లకు బావ వచ్చి అక్కను తీసుకుపోయాడు. అమ్మ కూడా వాళ్లతోపాటే జీపెక్కింది. ఇంట్లో బాపుకూ నాకూ వంట నామీద పడింది, అన్నం రోజూ మాడేది. వానలు మొదలయ్యాక అమ్మ తిరిగొచ్చింది. చెప్పులు విప్పుతూనే, "మీ అక్క ఇరుగుపొరుగోళ్లతోని మంచిగ మాట్లాడుతాంది, ఫికర్ లేదు" అంది.