ఉప్పు వెయ్యని దాలి కూర

మొన్న ఆదివారం మా మనవరాలు నాకోసం ఓవెన్‌లో కూర వండింది. బీరకాయ, ఆనపకాయ, రెండు కేరట్లు ముక్కలు తరిగి, గాజుగిన్నెలో పేర్చి, కాసిని నీళ్ళు చిలకరించి, మూతపెట్టి లోపలికి తోసింది. ఆ తరవాత దాని దగ్గర ఎవరూ నిలబడలేదు, ఎవరూ కలపలేదు. ముప్పావుగంటకి గంట దానంతట అదే మోగింది. "సప్పగా ఉంటాది మామ్మా, ఏమీ అనుకోకు. డాక్టరు ఉప్పు మానమన్నాడు కదా" అంటూ పళ్ళెం నా ఒళ్ళో పెట్టింది. ఈమధ్య నాకు కూర్చుంటే లేవడం ఒక పని, లేస్తే కూర్చోవడం ఇంకో పని. తినడం కూడా పనిలోకే వచ్చింది. అయినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చెయ్యి ఆగిపోయింది. నూనె లేక, పోపు లేక, తన నీటిలో తాను మగ్గిన కూర. అందులోనూ ఉప్పు లేదు. ఆ రుచి నేను ఇంతకుముందు ఒక్కసారే ఎరుగుదును.

అప్పటికి నాకు పదహారో పదిహేడో. విజయనగరంలో మా అత్తవారిది ముందు కొట్టు, వెనక ఇల్లు. బళ్ళో చదివినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన నాలుగు అక్షరాలతో పొద్దున్న దేవుడిదగ్గర స్తోత్రం చదువుకునేదాన్ని, అంతే. వంటింటి వెనక వసారాలో మా అత్తగారి దాలి ఉండేది. దాలి అంటే పెద్ద వింత కాదు. నేలలో మోకాలిలోతు గుంట, చుట్టూ మట్టిగట్టు. అందులో పిడకలూ ఊకా వేసి రాజేస్తే మంట లేకుండా సన్నగా కాలుతూ ఉంటుంది. పొద్దున్న దానిమీద పాలు కాగేవి. పాలకుండ దించాక, ఆ వేడి బూడిదలో కూరచట్టి మెడదాకా పూడ్చి, పైన మూకుడు బోర్లించి, చుట్టూ పిండిముద్దతో మెత్తి, మూకుడుమీద కూడా నాలుగు నిప్పులు పోస్తే మధ్యాహ్నానికి కూర వెన్నలా దిగేది. మధ్యలో మూత కదిపితే మా అత్తగారు ఊరుకునేవారు కాదు. ఇల్లంతా ఆవిడ కిందే నడిచేది, ఆవిడేమో దాలి కింద నడిచేవారు.

అవి యుద్ధపు రోజులు. కట్టెలకి కరువు, దొరికినవి కూడా వానకి తడిసి పొగే తప్ప మంట ఇచ్చేవి కావు. ఆ వానల్లోనే మా ఇంటాయనకి ఇరవయ్యొక్క రోజుల జ్వరం వచ్చింది. ఇరవయ్యొకటి కాస్తా ఇరవయ్యారు అయింది. జ్వరం దిగింది కానీ మనిషి చిక్కి సగమైపోయారు. గంజి పోస్తే కక్కేసేవారు, బార్లీ పోస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు. "అంతా మట్టిలాగున్నాది" అని ఒకటే మాట. వైద్యుడు నాడి చూసి, కూరలు నూనె తగలకుండా మెత్తగా మగ్గబెట్టి మెతుకుల్లో కలిపి పథ్యం పెట్టమన్నాడు. వీధిగుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "ఈ రెండు మూడు రోజుల్లో తనంతట తాను కోరి తినాలి తల్లీ. కుక్కితే నిలవదు. తినకపోతే నేను చేసేదేమీ లేదు" అన్నాడు. ఆ మాట మా అత్తగారికి చెప్పాడు. తలుపు వెనక నేనూ విన్నాను.

మా అత్తగారికి అప్పటికే ఒక మొక్కు నడుస్తోంది. కొడుకు పథ్యం తిని నోటికి రుచి తెలిసిందన్న రోజుదాకా తాను ఉప్పు ముట్టనని శ్రీకూర్మం స్వామికి మొక్కుకున్నారు. తినకపోతే చాలు కదా, ఆవిడ చేత్తో కూడా తాకేవారు కాదు. అంచేత ఆ నెలరోజులూ ఇంట్లో ఏ వంటకైనా ఆవిడ అన్నీ అమర్చి, "ఒలే గుంటా, ఇలా రా" అని పిలిస్తే, నేను వెళ్ళి ఉప్పు వేసి వచ్చేదాన్ని. దేవుడికి చూపించకుండా రుచి చూసే ఆచారం మా ఇంట్లో లేదు. ఉప్పు ఎంత పడిందో పీటలమీద కూర్చున్నాకే తెలిసేది.

పథ్యం పెట్టే రోజు పొద్దున్నే కూరలమ్మి గంప దించింది. "లేత ఆనపకాయ తెచ్చినానమ్మా బాబుకి. గోరు ఎలగ దిగిపోతన్నాదో సూడు" అంది. "నువ్వు గోరు గుచ్చి గుచ్చి సగం తినీసినావు, నాకేటి సూపిస్తావు" అన్నారు మా అత్తగారు. అది నవ్వి, "బాబు తిన్నాడని సెప్పమ్మా, రేపు ఇంకోటి ఊరికే తెస్తాను" అని గంప ఎత్తుకుంది. ఆ మనిషిని ఇప్పటికీ దణ్ణంలో తలుచుకుంటాను.

మా అత్తగారు నూతిదగ్గర తలమీద నీళ్ళు పోసుకొచ్చి, తడిబట్టతోనే ముక్కలు తరిగి చట్టిలో పేర్చి, మిరియం, జీలకర్ర నూరి వేశారు. పిండి తడపడానికి నీళ్ళు లేకపోతే చెంబు పట్టుకుని మళ్ళీ నూతిదగ్గరికి వెళ్ళారు. నేను దేవుడిదగ్గర చదువుకుంటున్నాను. లేచి వచ్చేసరికి మూకుడు బోర్లించి ఉంది, చుట్టూ పిండి మెత్తి ఉంది, ఆవిడ పైన నిప్పులు పోస్తున్నారు. నన్ను ఉప్పుకి పిలవలేదు. తానే వేశారా? వేశారా అని అడగడం ఎలాగ? అడిగితే మొక్కు తప్పారా అని మొహాన అడిగినట్టే కదా. ఒకవేళ వైద్యుడే ఉప్పు వద్దన్నాడేమో అని సరిపెట్టుకున్నాను. ఆవిడ మొహం చూస్తే ఏమీ అడగబుద్ధి కాలేదు కూడా. ఇరవయ్యారు రోజులుగా నడుం వాల్చని మనిషి. దాలి గట్టుకి చేరబడి, చేతిలో పిండిముద్ద చేతిలోనే ఎండిపోతూ ఉంటే కళ్ళు మూసుకున్నారు.

మధ్యాహ్నం పిండి పగలగొట్టి మూకుడు తీశాం. దేవుడికి చూపించి, మెత్తటి అన్నంలో కూర కలిపి మా అత్తగారు కొడుకు నోట్లో ఒక ముద్ద పెట్టారు. ఆయన నమిలారు. మింగలేదు. మళ్ళీ గోడవైపు తిరిగిపోతారేమోనని నేను గుమ్మం గట్టిగా పట్టుకున్నాను. కొంచెంసేపటికి మింగి, కళ్ళు తెరిచి, "అమ్మా, ఇందులో ఉప్పేదే?" అన్నారు.

మా అత్తగారు నావైపు తిరిగారు. "ఏటే, నువ్వు వెయ్యలేదేటి? నాను నూతికాడికెళ్ళినప్పుడు వేసీసినావనుకున్నాను!"

"మీరు పిలవలేదు కదత్తా..."

"పిలిస్తేగానీ వెయ్యవేటే? పేరంటానికి పిలవాలేటి నిన్ను?"

"అత్తాకోడళ్ళు తరవాత కొట్టుకుందురుగాని, ముందర రవ్వంత ఉప్పెయ్యండే" అన్నారాయన మంచంలోంచి.

అప్పుడు తట్టింది ఆవిడకి. ముద్ద ఉన్న చెయ్యి అలాగే గాలిలో ఆగింది. నెలరోజులుగా ఉప్పు వేసిన గంజీ, వెయ్యని బార్లీ ఒకటే మట్టి అయిన నోరు అది. "రుచి తెలిసిందిరా నీకు, నా తండ్రీ" అని ఆ ఎంగిలిచేత్తోనే కొడుకు తల నిమిరేశారు. నేను పరిగెత్తి ఉప్పుజాడీ తెచ్చాను. ఆయన ఇంకో ఆరు ముద్దలు తిన్నారు. ఏడోది ఆవిడ పెట్టబోతే, వైద్యుడి మాట గుర్తుచేసి నేనే ఆపాను. ఆ ఇంట్లో నేను మా అత్తగారి చెయ్యి ఆపడం అదే మొదలు. ఆవిడ ఆ ముద్ద పళ్ళెంలో వదిలి, చెయ్యి కడుక్కుని, గుమ్మానికి తలానించి అక్కడికక్కడే నిద్రపోయారు.

దీపాలవేళకి లేచారు. దాచిపెట్టిన కూర ఒక ముక్క చప్పిడిగానే నోట్లో వేసుకు చూసి, మొక్కు తీరింది కనక మిగతాదాంట్లో ఉప్పు కలిపి, అన్నంతో పెట్టాను. ఒక ముద్ద తిని మొహం చిట్లించి, "ఉప్పెక్కువైనాదే" అన్నారు. ఎక్కువ కాలేదు. నెలరోజుల చప్పిడి నాలుకకి ఆపాటి ఉప్పే మంట పెట్టింది. ఆ సంగతి తెలిసి కూడా, "అవునత్తా, ఎక్కువే పడింది" అన్నాను. కార్తీకంలో శ్రీకూర్మం వెళ్ళి ముగ్గురం స్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చాం.

ఆ తరవాత ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన నా వంటకి ఉప్పు తక్కువనో ఎక్కువనో అంటూనే ఉన్నారు. ఒక్కనాడూ విసుక్కోలేదంటే అబద్ధం. విసుక్కున్నాను, మళ్ళీ అంతలోనే లోపల స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు అనేవాళ్ళు లేరు. ఉప్పు వేసుకునే యోగమూ లేదు. మనవరాలు వంటింట్లోంచి, "ఎలాగుంది మామ్మా, తినగలవా?" అని అడిగితే, "బాగుందమ్మా" అన్నాను. అది నమ్మలేదు. నేను మాత్రం నిజమే చెప్పాను. ఈ చప్పిడి కూర గిన్నెడు తినడానికి నాకు అరగంట పడుతోంది. అందులో సగంసేపు యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళి రావడానికే సరిపోతోంది.