దేవుడు అంటుకోని చెంబు

ఆ కబురు మొదట తెచ్చింది పాలు పోసే అక్క. మా అత్త పత్తిచేలో జారిపడిందనీ, కాలు కదపలేకుండా ఉందనీ గడపలోనే నిలబడి చెప్పింది. మా తమిళనాడు పల్లెకు దగ్గరి టౌను కోవిల్‌పట్టిలో ఎక్స్‌రే తీసి తొడ ఎముక విరిగిందన్నారు. విరుదునగర్ ఆసుపత్రికి తీసుకుపోయాం. లోపల స్టీలు కడ్డీ పెడితే మళ్ళీ నడుస్తుందని అక్కడి డాక్టరు చెప్పాడు. అత్త ఒప్పుకోలేదు.

"ఇరుంబా? ఒక్క వానకే నాగటి కర్రు తురుపట్టేస్తాదే. నా తొడలోన ఎప్పుడూ తడే గదా పాపా?"

ఇరుంబు అంటే ఇనుము, తురు అంటే తుప్పు. ఆమె అడిగింది నాకు న్యాయంగానే తోచింది. నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలే నా చదువు. అందుకే సిగ్గుపడకుండా డాక్టరునే అడిగాను. ఇనుములో క్రోమియం అనే లోహం కలుపుతారట. గాలి తగలగానే దాని మీద తుప్పు రానివ్వని, కంటికి కనపడని పొర కడుతుందట. గీరితే మళ్ళీ కడుతుందట. నికెల్ కూడా తగినంత కలిస్తే అయస్కాంతం పట్టదట. "మీ ఇంట్లో ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రలున్నాయి కదమ్మా, చాలావరకు ఈ జాతే. ఒంట్లో పెట్టేదాన్ని ఇంకా శుద్ధంగా చేస్తారు" అన్నాడు.

బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు ఊరుకోలేకపోయాను. ఫ్రిజ్జు తలుపు మీది అయస్కాంతపు మురుగన్ బొమ్మను కళ్ళకద్దుకుని తీసి, వంటింట్లో ఒక్కొక్కదానికీ ఆనించాను. దోసె పెనాన్ని గట్టిగా పట్టుకున్నాడు స్వామి. కత్తిపీటనూ పట్టుకున్నాడు. అత్త తన పెళ్ళినాటి నుంచి మోరు, అంటే మజ్జిగ, పోస్తున్న చెంబు మీద మాత్రం నిలవక, జారి నా చేతిలో పడ్డాడు. ఆ చెంబుకు మెడ దగ్గర సొట్ట ఉంది గానీ లోపల ఒక్క మచ్చ లేదు.

దాన్నే తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టి సంగతంతా చెప్పాను.

"సామిని ఎత్తి చెంబుకు అంటించి సూసినావా? నీకు వేరే పని లేదా!" అని తిట్టింది. తిడుతూనే లోపలికి బొటనవేలు పోనిచ్చి చుట్టూ తడిమింది.

"ఇన్నేండ్లు ఉప్పు మోరు పోసినా తురు దీన్ని తినలేదే," అంది. "సరి, పెట్టమను."

ఇప్పుడు ఊతకర్రతో చేనిగట్టు దాకా పోయొస్తోంది. మొన్న నేను దీపం పెడుతుంటే వెనక నుంచి అడిగింది.

"ఆ ఇరుంబులో తురుపట్టకుండా మొదట అది కలిపినోడు ఎవురు పాపా?"

"తెల్దు అత్తా."

"పేరు తెలవకపోతే ఏమి? వానికీ ఒక దండం పెట్టు."

పెట్టాను. ఇది చదివే మీరు కూడా, ఇంట్లో చెంబు తోమేటప్పుడైనా, పేరు తెలియని ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.