తెర ఇవతలి స్టూలు

మా ఆయన ఒళ్ళు తుడవడానికి నర్సుపిల్ల తెర లాగితే, ఇనుప కడ్డీ మీద రింగులు గరగరమన్నాయి. పక్షవాతంతో ఆయనకు ఒక పక్క ఒళ్ళూ, మాటా పడిపోయాయి. ఆసుపత్రిలో ఆ మంచం పక్కన కూర్చున్న నాకు ఆ చప్పుడుతో రాహేలమ్మగారు గుర్తొచ్చారు. అరవైల మొదట్లో పల్నాట్లో ఒక మిషను ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకు ఆవిడ పెద్ద సిస్టరు. నేను నకరికల్లు నుంచి నర్సింగు నేర్చుకోవడానికి వెళ్ళిన పిల్లని.

ఆవిడ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. మగాళ్ళ ఒళ్ళు తుడిచే ఆడపిల్లల గురించి ఊళ్ళో ఏమనుకునేవారో మాకు తెలుసు. అందుకే రోగి కనిపిస్తే చాలు, అన్నా, బాబాయ్ అని వరస కలిపేసేవాళ్ళం. ఆ పిలుపే మాకు కాపలా అనుకునేవాళ్ళం. రాహేలమ్మగారికి అది గిట్టేది కాదు. వరస కలిపితే వాడు మగాడు కాకుండా పోతాడా అని విసుక్కునేవారు. పేరు పెట్టి పిలవండి, చేసే పని చెప్పి ముట్టుకోండి అనేవారు. మేం వింటేగా.

ఆ ఎండాకాలం క్రోసూరు వైపు నుంచి వెంకటేశ్వర్లును తెచ్చారు. రాళ్ళబండి తిరగబడి నడుము విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. కొత్తగా పెళ్ళయింది. భార్య నాగమ్మ వరండా పక్కన పొయ్యి పెట్టుకుని వండి తెచ్చేది. ఒకరోజు ఉదయం నేను తెర లాగి, "అన్నా, ఒళ్ళు తుడుస్తా" అని మొదలుపెట్టాను. అతను నా చెయ్యి పట్టుకుని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"నీకేమన్నా తెలుస్తందేమో చెప్పు. నాకేం తెలవటంలా" అన్నాడు.

విదిలించుకుని వరండాలోకి పరిగెత్తాను. వార్డంతా నవ్వింది. నాకు అసహ్యమేసింది, భయమేసింది, ఆ పూటే ఇంటికి పోదామనిపించింది. రాహేలమ్మగారు నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ తెర లోపలికి వెళ్ళారు.

"వెంకటేశ్వర్లూ, సిస్టరు చెయ్యి కట్టు కట్టటానికి, ఒళ్ళు తుడవటానికి. దానిక్కాదు. ఇంకోసారి పట్టుకున్నావా, ఈ పిల్ల నీ మంచం దగ్గరికి రాదు."

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆవిడ కదల్లేదు. తెలుసుకోవలసిందేదో నన్నడుగు అన్నారు. అతను గోడవైపు చూస్తూనే అడిగాడు.

"నేనిక కాపరానికి పనికిరానా సిస్టరమ్మా?"

డాక్టరుగారి చేత నిజమే చెప్పిస్తానన్నారు. చెప్పించారు. ఇక ఆశ లేదన్నారాయన. పక్కనే నాగమ్మ కూడా విన్నది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక రాహేలమ్మగారు అతని మంచం చుట్టూ తెర లాగి నాగమ్మను లోపలికి పంపేవారు. తాను బయట స్టూలు వేసుకుని, తెరకు వీపు పెట్టి, బ్యాండేజీలు చుట్టుకుంటూ కూర్చునేవారు. ఒక్కోరోజు లోపల గుసగుసలు, ఒక్కోరోజు ఏడుపు. ఎవరొచ్చినా కాసేపాగి రమ్మనేవారు. ఇదేం పని అని ఉండబట్టలేక అడిగాను.

"ఏమే సుగుణా, ఆ ఆకలి మనం తీర్చేది కాదు. అట్టాగని లేదనుకుంటే ఎట్టా? అతని మనిషి వరండాలోనే ఉంది. మధ్యలో అడ్డం మనమేగా."

ఆ సంగతి ఊళ్ళోకి పాకింది. వార్డు పరువు తీస్తోందన్నారు. ఆసుపత్రి పెద్దలు తెర ఆపెయ్యమంటే ఆవిడ ఆపనన్నారు. ఆవిణ్ణి వార్డు నుంచి తీసి బట్టలుతికే చోట వేశారు. కొత్తగా వచ్చిన సిస్టరు నాగమ్మను అన్నం గిన్నె ఇచ్చి వెళ్ళిపొమ్మనేది. వెంకటేశ్వర్లు తినడం మానేశాడు. వీపు మీద పుండ్లు ముదిరి, వానలు పడకముందే పోయాడు.

శవాన్ని బండి మీదికి ఎక్కిస్తుంటే నాగమ్మ బట్టలుతికే గదికి వెళ్ళి రాహేలమ్మగారి తడి చేతులు పట్టుకుంది.

"మా కాపరమంతా నీ ఎనకమాలే జరిగిందమ్మా" అంది.

 రాహేలమ్మగారు ఆ గదిలోనే పని చేసి చేసి, అక్కడి నుంచే రిటైరయ్యారు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

తర్వాత నా చెయ్యి పట్టుకున్న రోగులు ఇంకా ఉన్నారు. మళ్ళీ పరిగెత్తలేదు. ఆవిడ మాటే చెప్పాను, వాళ్ళు అడగలేనిది వాళ్ళ చేతే అడిగించాను. వీలైన చోటల్లా తెర లాగి స్టూలు వేసుకున్నాను.

నర్సుపిల్ల పని ముగించి తెర తీయబోయింది. కాసేపు ఉండనివ్వమ్మా అన్నాను. డాక్టరుగారు వచ్చే టైమని గొణిగి, నా మొహం చూసి, అలాగే వదిలేసి పోయింది. నేను మంచమెక్కి ఆయన పక్కన ఒదిగి పడుకున్నాను. పనిచేసే చేత్తో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఇవతల స్టూలు మీద కాపలాకు ఎవరూ లేరు. ఎవరి అడుగులు వినపడతాయోనని చెవులు రిక్కించుకునే పడుకున్నాను.