మోగని కుండ

2004 ప్రాంతంలో ప్రాజెక్టు పనిమీద ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉండగా, ఒక శనివారం చర్చి హాల్లో పెట్టిన క్రాఫ్ట్ ఫెయిర్‌కి వెళ్లాను. సూడాన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అక్కడ మట్టికుండలు అమ్ముతోంది. కుమ్మరి సారె లేకుండా చేత్తోనే చేసినవట. తన ఎడారి ఊళ్లో ఎప్పుడో ఆగిపోయిన ఆ పనిని, నాయనమ్మ చేసిన తీరు గుర్తుచేసుకుంటూ ఇక్కడ మళ్లీ మొదలుపెట్టిందట.

మాది అనంతపురం. వేలు మడిచి కొట్టి, మోగుతుందో లేదో చూడనిదే కుండ కొనం. అలవాటుకొద్దీ కొట్టాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"మా ఊళ్లోనూ ఇలాగే చూస్తాం! ఇక్కడివాళ్లు డిష్‌వాషర్‌లో పెట్టొచ్చా అని అడుగుతారంతే."

కానీ కుండ ఖంగుమనలేదు. తడిసిన చెక్కను కొట్టినట్టుంది. ఇంకోటి కొట్టాను. అదీ అంతే. మూడోదాని మీదికి చేయి పోతుంటే ఆవిడ పట్టుకుని ఆపింది. అప్పటికే ఆ ముఖంలో వెలుగు లేదు.

"నాకు తెలుసు తల్లీ. ఈ చెమ్మకి మట్టి లోపల ఆరదు. కాల్చేటప్పుడు కంటికి కనపడని బీటలు పడతాయి. నాలుగేళ్లలో ఒక్కటీ మోగలేదు."

పర్సు తీశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"కొనకపోయినా పర్లేదు. మిగతావి మాత్రం కొట్టకు."