నాకు తప్ప అందరికీ తెలుసు

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. రెండో కాన్పులో పుట్టిన నా బిడ్డ నడక నేర్చినా నాకు నెలసరి మొదలుకాలేదు.

"పాలిస్తున్నవ్ గద, కొందరికి గట్లనే ఉంటది" అనేది అత్తమ్మ.

పాలు మాన్పించాక కూడా రాకపోయేసరికి, మళ్లీ కడుపేమోనని ఒక్కదాన్నే దిల్‌సుఖ్‌నగర్‌లో స్కానింగ్‌కు పోయాను. డాక్టరమ్మ తెర వైపు చూస్తూ మామూలుగా అడిగింది.

"గర్భసంచి ఎప్పుడు తీశారండీ?"

"తీయలేదు" అన్నాను. ఆమె తెర నా వైపు తిప్పి, సంచి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందని చూపించింది.

అక్కడినుంచి నేరుగా నేను కాన్పయిన ఆసుపత్రికి పోయాను. ఆపరేషన్ చేసిన డాక్టర్ నన్ను గుర్తుపట్టింది. మొదటి కాన్పూ ఆపరేషనే కావడంతో, ఆ పాత కోత మచ్చకు ఈసారి మాయ అతుక్కుపోయిందట. విడదీయబోతే రక్తం ఆగలేదట. సంచి తీయకపోతే నేను దక్కేదాన్నే కాదట.

"ప్రాణం నిలబెట్టిండ్రు మేడమ్, దండం పెడతా. మత్తుల ఉన్నదాన్ని అడగలేరు. తెలివొచ్చినంక ఎందుకు చెప్పలే?"

"బాలింత, దిగులుపడుతుంది, చెప్పొద్దన్నారు మీ అత్తగారు. మీ ఆయనకి అన్నీ వివరించాం కదమ్మా."

"నా కడుపు కోసి మా ఆయనకు చెప్పిండ్రా?"

లేచి మా ఆయన కోసం బయల్దేరాను.

ఆ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. బస్సులు లేవు. మండే ఎండలో నడిచిపోయాను. జెండా పట్టుకుని నినాదాలిస్తున్న మా ఆయన నన్ను చూసి పక్కకు వచ్చాడు. సంగతి అడిగితే తల దించుకున్నాడు.

"నువ్వు పరేషాన్ అయితవని అమ్మ చెప్పొద్దన్నది."

"మమ్మల్ని అడగకుండ ఢిల్లీల ఎట్ల తేలుస్తరని పొద్దటిసంది మొత్తుకుంటున్నవ్. నా ఒంట్లకెల్లి ఏం తీసిండ్రో నాకు చెప్పనీకి నోరు రాలేదా?"

"అందరు చూస్తుండ్రు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఇంట్ల అందరికీ తెల్సు. ఇంకేం మాట్లాడుతం?"

మళ్లీ పిల్లలు పుట్టరన్న బాధ లేకపోలేదు. కానీ నన్ను దహించింది అది కాదు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన సంగతి నాకే తెలియకుండా, ఇన్నాళ్లూ వంట చేసి వడ్డించాను. తిన్నవాళ్లందరికీ తెలుసు.

తర్వాత మా చెల్లె రెండోసారి నీళ్లోసుకుంది. ఆమెకూ మొదటిది ఆపరేషనే. నేనే వెంట పోయి, మాయ ఎక్కడుంది, పాత కోత మీద ఉందా, రక్తం అవసరమైతే మీ దగ్గర దొరుకుతుందా అని అడిగాను. "అవన్నీ మేం చూసుకుంటాం" అని డాక్టర్ విసుక్కుంది. చెప్పేదాకా కుర్చీలోంచి లేవలేదు. మాయ కోతకు దూరంగా, పైనే ఉందని చివరికి చెల్లెకే చూపించి చెప్పింది. కాన్పు సులువుగా అయింది.

మా ఆయన ఇప్పటికీ "నీ మంచికే దాచినం" అంటాడు. ఆ మాట అన్న ప్రతిసారీ నాలో అదే కోపం, అంతే వేడిగా.